అభినందన సంచిక తయారీ సేవ: ముద్రణ మెచ్చదగినది, ప్రశ్నావళి మారవలసినది

పదవీ విరమణ చేస్తున్న స్థానిక సంస్థల అధికారుల కోసం అభినందన సంచికలు సిద్ధం చేసి ఇచ్చే ఒక సంస్థకు, మా మున్సిపల్ కమిషనర్ గారి సంచిక తయారీని కార్యాలయ ఉద్యోగులం అప్పగించాం. ఇంటర్వ్యూలు, రచన, పేజీల అమరిక, ముద్రణ అన్నీ వాళ్లే చూసుకుంటారు. మనం ఇవ్వవలసినవి పాత ఫొటోలు, రికార్డుల నకళ్లు, మాట్లాడడానికి ఒప్పుకున్నవారి జాబితా మాత్రమే. పుస్తకం చూడముచ్చటగా వచ్చింది. అయితే ఆమె ఉద్యోగ జీవితం నిజంగా కనిపించే పేజీలు, ఆ సంస్థ తన మామూలు పద్ధతిని పక్కన పెట్టి పనిచేసిన చోటనే ఉన్నాయి.

ఆ మామూలు పద్ధతి ఒక ప్రశ్నావళితో మొదలవుతుంది. ఏ సంవత్సరం ఏ పోస్టు, ఎన్ని ప్రారంభోత్సవాలు, ఏయే అవార్డులు అని అందులో గడులుంటాయి. ఎన్నికలకు ముందు వేసే ప్రగతి నివేదికకు ఈ మూస చక్కగా సరిపోతుంది గానీ, అధికారికి సరిపోదు. శిలాఫలకం మీద పేరు ఎన్నికైనవారిది. అధికారి చేసిన పని ఆ ఫలకం వెనుక ఉన్న ఫైల్లో ఉంటుంది. పెంచి వేసిన అంచనాలను తిప్పి పంపడం, తీర్మానం చట్టం ముందు నిలవదని కౌన్సిల్‌కు ముందుగానే నోట్ పెట్టడం, చేతిలో నిధులు లేనప్పుడు ఏ పని ఆగినా పారిశుద్ధ్య కార్మికుల జీతం ఆగకుండా చూడడం వంటివి రాయడానికి అందులో ఒక్క గడి కూడా లేదు. జరగకుండా ఆపిన నష్టానికి ఫొటో ఉండదు కాబట్టి, ఇలాంటి పుస్తకాల్లో దానికి చోటూ ఉండదు.

మేము పట్టుబట్టిన మీదట వాళ్ల రచయిత పంపుహౌస్‌కు వెళ్లి అక్కడి ఆపరేటర్లతో మాట్లాడారు. పుస్తకంలో అత్యుత్తమమైన అధ్యాయం అలా వచ్చింది. పైపులైను చివరనున్న ఇళ్లకు నీరు అందడం లేదన్న ఫిర్యాదులు ఏళ్ల తరబడి పేరుకుపోయినప్పుడు, కమిషనర్ గారు కొత్త ట్యాంకుకు ప్రతిపాదన పంపకుండా, ప్రతి వాల్వు తెరిచిన వేళను, మూసిన వేళను ఆపరేటర్ల చేతనే ఒక రిజిస్టరులో రాయించారు. ఎత్తు మీది వీధికి, పల్లంలోని వీధికి ఒకే వేళలో నీరు వదలడమే అసలు లోపమని ఆ రిజిస్టరుతో తేలింది. ఆ రిజిస్టరు పేజీ ఒకటి యథాతథంగా అచ్చయింది. నీలి సిరా అంకెల పక్కన ఆమె పెన్సిలుతో పెట్టిన చిన్న టిక్కులు, రెండు చోట్ల ప్రశ్నార్థకాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవార్డు ఫొటోలన్నీ కలిపినా ఆ ఒక్క పేజీకి సాటి రావు.

నగర పాలనాధికారి వృత్తి చరిత్రపై ఇచ్చిన వ్యాసం నిర్దుష్టంగానే ఉంది. అమెరికాలోని స్టాంటన్ పట్టణం 1908లో నియమిత అధికారికి పాలన అప్పగించడం, 1913 వరదల్లో దెబ్బతిన్న డేటన్ నగరం 1914 నుంచి అదే విధానంలోకి మారడం, అలా నియమితులైన అధికారుల (నగర మేనేజర్ల) సంఘం 1924లో నైతిక నియమావళిని ఆమోదించడం వరుసగా చెప్పారు. కానీ ఇందులో ఒక్క వాక్యమైనా మా కమిషనర్ గారి కోసం రాసినట్టు లేదు. ఇదే వ్యాసాన్ని ఎవరి సంచికలోనైనా అతికించవచ్చు.

నాకు బొత్తిగా నచ్చని విషయం మరొకటి. ఖర్చు తగ్గించుకోవడానికి చివరి పేజీల్లో శుభాకాంక్షల ప్రకటనలు వేసుకోవచ్చునని వాళ్లు సూచించారు. మున్సిపాలిటీలో అలాంటి ప్రకటనలు ఇచ్చేది ఎవరు? కాంట్రాక్టర్లే. బిల్లుల మీద సంతకం చేసిన అధికారికి, ఆ బిల్లులు తీసుకున్నవారి డబ్బుతో పుస్తకం వేయడం సన్మానం అనిపించుకోదు. మేము నిరాకరించాం, ఉద్యోగుల చందాలతోనే అచ్చు వేయించాం. ప్రభుత్వ సంస్థల కోసం పనిచేసే ఎవరైనా ఇలాంటి సలహా ఇవ్వనే కూడదు.

ముద్రణలో వంక పెట్టడానికి లేదు. ఆమ్లరహిత కాగితం వాడారు, జిగురుతో అంటించి వదిలేయకుండా ఫారాలు (మడిచిన పేజీల కట్టలు) కుట్టి బైండు చేశారు. పుస్తకం ఏ పేజీ దగ్గర తెరిచినా పరుచుకుని నిలుస్తుంది. పాత ఫొటోలను స్కాన్ చేసినప్పుడు గీతలు తుడిచారు గానీ ముఖాలను నున్నగా చేయలేదు. ఫొటోల కింది వివరాల్లో మాత్రం శ్రద్ధ లోపించింది: అధ్యక్షులు, ఇంజినీర్ల పేర్లు ఉన్నాయి, పక్కన నిలబడిన అటెండర్లు, మేస్త్రీలు “తదితరులు” అయిపోయారు. ప్రూఫు దశలో ఆ పేర్లన్నీ మేమే రాసి పంపితే మారు మాట లేకుండా చేర్చారు.

ఈ సేవను వాడుకోదలచినవారు ప్రశ్నావళిని నింపకుండా పక్కన పెట్టి, క్షేత్రస్థాయి సిబ్బంది ఫోన్ నంబర్లు ముందుగా ఇవ్వాలి. రికార్డుల నకళ్లకు కార్యాలయ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, ఫిర్యాదుదారుల పేర్లు, చిరునామాలు కనిపించకుండా చేయించాలి. తుది ఫైలు మన చేతికి ఇస్తామన్న షరతును ఒప్పందంలోనే రాయించుకోవడం మంచిది. మేము అడగలేదు, అందువల్ల అదనపు ప్రతులు కావాలంటే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లవలసి వస్తోంది.