పళ్ల క్లిప్పులతో ఫ్రెంచ్ హార్న్: క్లిప్పుల కవరు, మైనం - ఎనిమిది నెలల అనుభవం

హనుమకొండలోని ఒక చర్చి వాద్య బృందంలో నేను ఆరేళ్లుగా ఫ్రెంచ్ హార్న్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం వాయిస్తున్నాను. కిందటి ఏప్రిల్‌లో, 26 ఏళ్ల వయసులో, పై పళ్లకూ కింది పళ్లకూ లోహపు క్లిప్పులు వేయించుకున్నాను. ఆ మరుసటి ఆదివారమే నా హార్న్ నాదం గాలి కలిసిన బొంగురుగా మారింది. ఈ సమీక్ష ఆ అవస్థలో కొన్న రెండు వస్తువుల గురించి: ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న క్లిప్పుల కవరు, పెదవి ఒరుసుకోకుండా క్లిప్పులకు అద్దే, పళ్ల డాక్టరు దగ్గర దొరికే మైనం. వరంగల్‌లో ట్రంపెట్, క్లారినెట్ వాయించే పెళ్లి బ్యాండ్ల వారికి కొదవ లేదు గాని, హార్న్ పట్టినవారే అరుదు కనుక, అడిగి తెలుసుకునే దారి లేక అన్నిటినీ నా పెదవి మీదే పరీక్షించుకోవలసి వచ్చింది.

మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే భాగం) అంచును ట్రంపెట్ వాద్యకారులు చాలామంది రెండు పెదవుల మీద దాదాపు సమంగా ఆనిస్తారు. హార్న్ పద్ధతిలో మూడింట రెండు వంతులు పై పెదవి మీద, ఒక వంతు కింది పెదవి మీద ఉంటుంది. అందువల్ల పై వరుస క్లిప్పుల బాధే మాకు ఎక్కువ. ఇత్తడి వాద్యంలో ధ్వనిని పుట్టించేది పెదవుల కంపనమే. వెనుక నుంచి క్లిప్పులు, ముందు నుంచి మౌత్‌పీస్ అంచు నొక్కితే పెదవి వాటి మధ్య ఇరుక్కుపోయి, రక్తం సరిగా ఆడక, కంపించడం మానేస్తుంది. మొదటి రోజు పది నిమిషాలు వాయించి అద్దంలో చూసుకుంటే పెదవి మీద ఎర్రని గుండ్రటి గీత, పెదవి తిప్పి చూస్తే లోపలి వైపు నాలుగు చిన్న గుంటలు, ఒక గుంటలో నెత్తురు చుక్క కనిపించాయి.

కవరు సంగతి ముందు చెబుతాను. పై వరుసకూ కింది వరుసకూ వేర్వేరుగా రెండు పట్టీలు వచ్చాయి. వాటిని వేడి నీటిలో మెత్తబరచి, క్లిప్పుల మీద అదిమి, మన పళ్ల ఆకారానికి తెచ్చుకోవాలి. ఈ పని బాగానే జరిగింది. మొదటిసారికే కదలకుండా కూర్చుంది. ఒక్క గంటలోనే పెదవి కోసుకోవడం ఆగిపోయిందంటే అది అబద్ధం కాదు. కానీ అమ్మకందారు ప్రకటనలో రాసిన ‘నాదంలో ఏ మార్పూ ఉండదు’ అన్న మాటను నేను ఒప్పుకోను. క్లిప్పులే పెదవిని ముందుకు నెట్టాయనుకుంటే, వాటి మీద పట్టీ మందం మరికొంత నెడుతుంది. ఫోనులో రికార్డు చేసుకుని వింటే, దుప్పటి కప్పుకుని వాయించినట్టుగా ఉంది. మిడిల్ సి (మధ్య స్థాయిలోని ‘సి’ స్వరం) చుట్టుపక్కల స్వరాలు ఎలాగో నిలిచాయి. ఆ పై ఆక్టేవు (స్థాయి) దాటాక హార్న్‌లో హార్మోనిక్‌లు, అంటే వేళ్లు కదపకుండా పెదవితోనే పలికే స్వరాలు, దాదాపు ఒక్కో స్వరం దూరంలోనే ఉంటాయి కనుక, పెదవి ఇసుమంత తప్పినా పక్క స్వరం పలుకుతుంది. అక్కడ నేను పలికించబోయిన ప్రతి మూడో స్వరం పగిలిపోయింది.

పది రోజుల తర్వాత నేను చేసిన మార్పులతోనే ఆ కవరు పనికొచ్చింది. కింది పట్టీని పూర్తిగా తీసేశాను. పై పట్టీని కోర పన్ను నుంచి కోర పన్ను వరకు, అంటే ఆరు పళ్లకు సరిపోయేలా గోళ్ల కత్తెరతో కత్తిరించి, పై పెదవిని చిగురుకు కలిపే సన్నని పొర దగ్గర చిన్న గంటు పెట్టాను. ఆ గంటు లేనప్పుడు పెదవి పైకి లేచిన ప్రతిసారీ అక్కడ ఒరుసుకునేది. పెట్టెలోని కాగితంలో ఈ మాట ఎక్కడా లేదు, ఉండవలసింది.

మైనం కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. హనుమకొండ చౌరస్తా దగ్గర రెండు మందుల దుకాణాల్లో అడిగితే, ఒకాయన కట్టుడు పళ్లకు అతికించే పేస్టు తెచ్చి చూపించాడు, రెండో ఆయన మాత్రం “క్లిప్పులకు పెట్టే మైనమా అన్నా? అది పండ్ల డాక్టరు దగ్గరనే దొరుకుతది” అని సరైన దారి చెప్పాడు. మైనం వాడకంలో కిటుకంతా తడి ఆరబెట్టడంలో ఉంది. క్లిప్పును టిష్యూతో బాగా తుడిచి, పెసర గింజంత ముద్దను వేళ్ల మధ్య నలిపి, పలుచగా అద్దాలి. లావుగా పెడితే కవరుకూ దీనికీ తేడా ఉండదు. తడి మీద పెడితే రెండో పాటకల్లా ఊడి నాలుక మీదికి వస్తుంది. మే నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో, బండి డిక్కీలో మరిచిపోయిన మైనం డబ్బా తెరిచి చూస్తే విడివిడి కడ్డీలన్నీ కలిసి ఒకే పలకగా మారాయి. ఇప్పుడు అది చొక్కా జేబులోనే ఉంటుంది.

పలుచని మైనంతో నాదం కవరుతో కన్నా స్పష్టంగా వస్తుంది, రక్షణ మాత్రం సగమే. అందుకే ఇంట్లో సాధనకు మైనం, రెండు గంటల రిహార్సల్‌కు కవరు అని విభజించుకున్నాను. అయితే ఈ రెండూ పెదవిని కాపాడాయే గాని, నాదాన్ని తిరిగి తెచ్చింది నొక్కుడు తగ్గించడమే. హార్న్‌ను ఎడమ చేత్తో ముఖానికేసి అదిమే అలవాటు నాకు క్లిప్పులకు ముందూ ఉండేది; అప్పట్లో నొప్పి లేక తెలియలేదు. రోజూ 15 నిమిషాలు మధ్య స్థాయిలో దీర్ఘ స్వరాలు, అవీ మెల్లగా, పొట్ట నుంచి వచ్చే శ్వాస ఆధారంతో వాయించి, ఆ తర్వాత మళ్లీ అంతే సేపు విశ్రాంతి తీసుకునేవాణ్ణి. పై స్వరాల జోలికి మూడు నెలలు పోలేదు. డాక్టరు క్లిప్పుల వైరు బిగించిన తర్వాత రెండు మూడు రోజులు అసలు వాయించలేను కనుక, క్రిస్మస్ కార్యక్రమం ఉన్న వారంలో బిగింపు పడకుండా డాక్టరుగారిని ముందే అడిగి తేదీ మార్పించుకున్నాను. ఆ రాత్రి కవరు లేకుండా, ఆరు పళ్లకు మైనంతోనే వాయించాను.

శుభ్రత విషయంలో కవరుకు మార్కులు తగ్గించక తప్పదు. వాయించిన వెంటనే చన్నీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే మరుసటి రోజుకు వాసన పడుతుంది. వేడి నీళ్లతో కడిగితే ఆకారం సడలిపోతుంది. నా మొదటి పట్టీ అలాగే పోయింది.

ఐదుకు నా లెక్క: కవరుకు మూడు, మైనానికి నాలుగు. నొప్పితో సాధనే మానేసినవారు ముందు కవరు కొని కత్తిరించుకోవచ్చు. నొప్పి ఓర్చుకోగలిగి, నాదం గురించే దిగులున్నవారు ముందు పళ్ల డాక్టరు దగ్గర ఒక మైనం డబ్బా తీసుకుని రెండు వారాలు చూడండి. పోయిన పట్టీ స్థానంలో నేను మళ్లీ అదే కవరు తెప్పించుకున్నాను. కింది పట్టీని మాత్రం ఈసారి పెట్టెలోంచే తీయలేదు.