ఏరేటర్ మోటార్ల షాపులో టోకమాక్ కాయిల్స్ చుట్టించాం

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ ఒక టోకమాక్, అంటే విపరీతంగా వేడెక్కిన వాయువుని (ప్లాస్మాని) అయస్కాంత క్షేత్రంతో వలయంలో పట్టి ఉంచి, అందులో కేంద్రకాలని కలిపి (ఫ్యూజన్) శక్తి రాబట్టే యంత్రం. దానికి నలభయ్యో వంతు నమూనా ఒకటి పిల్లలతో చేయించాను. థర్మోకోల్ బొమ్మ కాకుండా, నిజంగా అయస్కాంత క్షేత్రం పుట్టే కాయిల్స్ కావాలని భీమవరంలో రొయ్యల చెరువు నీటికి గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు బాగుచేసే చిన్న వైండింగ్ షాపుకి వెళ్లాను.

ఇటర్‌లో ఉన్నట్టే 18 కాయిల్స్. ఇంగ్లిష్ 'డి' అక్షరం ఆకారం, 22 గేజి రాగి తీగ, ఒక్కోదానికి 30 చుట్లు. మేస్త్రి గారు తీగ చుట్టడానికి చెక్క అచ్చు (ఫార్మా) చేయించి, మొదటి మూడు చుట్టి, పక్కపక్కనే నిలబెట్టి చూశారు. "మాస్టారూ, గుండ్రంగా పేరిస్తే తీగలు లోపలివైపు ఒత్తుగా, బయట ఎడంగా వస్తాయి కదండీ. బలం అంతటా ఒకేలా ఉండదేమోనండీ?" అన్నారు.

ఈ డిజైన్‌లో అసలు చిక్కు అదే! క్షేత్రం లోపల ఎక్కువ, బయట తక్కువ కావడంతో ప్లాస్మా గోడవైపు జరిగిపోతుంది. అందుకే ప్లాస్మాలోనే కరెంటు పారించి, కొబ్బరి తాడుకి పురి పెట్టినట్టు క్షేత్ర రేఖలని మెలిపెడతారు. ఇటర్‌లో ఆ కరెంటు కోటిన్నర ఆంపియర్లు.

"ఇంత కష్టం దేనికండీ?" అని కూడా అడిగారు. ఊక పొయ్యి గురించి చెప్పాను. ముందు పుల్లలతో అంటించాలి, తర్వాత ఊక తన వేడితోనే మండుతుంది. ఇటర్‌లో బయటి నుంచి 50 మెగావాట్ల వేడి ఇచ్చి 500 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి రాబట్టాలన్నది లక్ష్యం. అందులో ఐదో వంతు, అంటే 100 మెగావాట్లు, ఫ్యూజన్‌లో పుట్టే హీలియం కేంద్రకాల ద్వారా ప్లాస్మాకే అందుతుంది. బయట ఇచ్చే వేడి కన్నా సొంత వేడి ఎక్కువైతే అది మండే ప్లాస్మా.

వారంలో ఇస్తామన్నవి మూడు వారాలకి ఇచ్చారు. ఏరేటర్ ఆగితే రొయ్య చచ్చిపోతుంది, రైతుల మోటార్లు ముందు చూడాల్సిందే. కానీ ఒక ఫోన్ చేసి ఉంటే నాకు అంత టెన్షన్ ఉండేది కాదు. ఒక కాయిల్‌లో తీగ మీది ఎనామిల్ పూత గీసుకుపోయి షార్టయింది. మాట్లాడకుండా మళ్లీ చుట్టిచ్చారు, డబ్బు తీసుకోలేదు.

12 వోల్టుల బ్యాటరీ కలిపి దిక్సూచిని కాయిల్స్ మధ్యగా చుట్టూ తిప్పితే, ముల్లు కూడా వలయం వెంటే తిరిగింది. చూడ్డానికి మేస్త్రి గారు కొడుకుని తీసుకుని కాలేజీకి వచ్చారు.

తీగ, కూలి కలిపి 5,200 రూపాయలైంది. ఫార్మా ఇంకా షాపులోనే ఉంది. ఎవరైనా చేయించుకోవాలంటే ఒక నెల ముందుగా వెళ్లండి.