స్టిల్ కెమెరాలో వీడియో ఉండాలా? ఏళ్ల తరబడి వాడాక తేలిన సంగతి

తీర్పు ముందే చెప్పేస్తాను. ఫొటో కెమెరాలో వీడియో ఉండాల్సిందే. కాకపోతే అది పది, ఇరవై సెకన్ల ముక్కలు తీయడానికి పనికొచ్చే సదుపాయం, గంటల తరబడి ఆపకుండా తీయడానికి కాదు. కొనేటప్పుడు పెట్టె మీది 4కె, 8కె అంకెల కంటే మూడు విషయాలు ముఖ్యం. ఫొటో నుంచి వీడియోకి మారడానికి విడిగా స్విచ్ ఉందా? మారినప్పుడు రెండింటి సెట్టింగులూ దేనివి దానికి నిలిచి ఉంటున్నాయా? బయటి మైక్ పెట్టుకునే 3.5 ఎం.ఎం. జాక్ ఉందా? ఈ మూడూ ఉన్న పాత బాడీ (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా), ఇవి లేని కొత్త బాడీ కంటే ఎక్కువ పని చేసి పెడుతుంది. చేతికి అందని ఫీచర్‌ను మొదటి నెల తర్వాత ఎవరూ ముట్టుకోరు.

"వీడియో తీసేసి, ఆ మేరకు ధర తగ్గించొచ్చు కదా" అనే మాట ఫొటోగ్రాఫర్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. 2008 ఆగస్టులో నికాన్ డీ90 వచ్చినప్పటి నుంచీ ఉన్న మాటే ఇది. వీడియో తీయగలిగిన తొలి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే, లెన్స్ మార్చుకోగల కెమెరా) అదే: 720 లైన్లు, సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో క్లిప్ 5 నిమిషాలు మించదు. మరుసటి నెలలోనే కెనాన్ 5డీ మార్క్ 2 పూర్తి 1080 లైన్లతో వచ్చింది. మొదట్లో అందులో 30 ఫ్రేములే ఉండేవి. 24, 25 ఫ్రేములు 2010లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా చేరాయి. ఇక వీడియో తీసేస్తే ఏమవుతుందో నికాన్ 2013లో చేసి చూపించింది. డీఎఫ్ మోడల్‌లో డీ4లోని 16 మెగాపిక్సెల్ సెన్సారే పెట్టి, వీడియో మాత్రం లేకుండా చేసింది. ధర మాత్రం తమ డీ610 కంటే ఎక్కువే పెట్టింది.

వీడియో తీసేసినా ధర తగ్గకపోవడానికి కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో సెన్సార్ ఎప్పుడూ వీడియోలాగే నడుస్తూ ఉంటుంది. వ్యూఫైండర్‌లో సెకనుకు 60 నుంచి 120 సార్లు కనిపించే బొమ్మ అదే. కన్నును వెతికి పట్టే ఆటోఫోకస్ చదివేదీ ఆ ప్రవాహాన్నే. రికార్డింగ్ అంటే దాన్ని కుదించి కార్డు మీద రాయడమే. ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపడం), జీబ్రా గీతలు (వెలుగు మితిమీరుతున్న చోట తెర మీద కనిపించే చారలు), తిరిగే స్క్రీన్, సెన్సార్‌ను వేగంగా చదవగలగడం, ఇవన్నీ ఈరోజు ఫొటోలకు దక్కుతున్నాయంటే అందులో వీడియో కోసం జరిగిన పని వాటా పెద్దదే. వద్దనుకుని వదిలేసినవాళ్లూ ఉన్నారు. లైకా తన ఎం టైప్ 240లో ఇచ్చిన వీడియోను 2017లో ఎం10 నుంచి తొలగించి, బాడీని సన్నగా చేసింది. ఫొటోలు మాత్రమే తీసేవాళ్లకు అది సరైన నిర్ణయమే.

అసలు ఇబ్బంది షట్టర్ దగ్గర మొదలవుతుంది. కదలిక కంటికి సహజంగా కనబడాలంటే షట్టర్ వేగం ఫ్రేముల సంఖ్యకు దాదాపు రెట్టింపు ఉండాలి. 25 ఫ్రేములకు 1/50 సెకను, 30 ఫ్రేములకు 1/60. ఫొటో కోసం 1/1000లో ఉన్న కెమెరాతో అలాగే వీడియో మొదలుపెట్టే ఎర్ర బటన్ నొక్కితే నడిచే మనిషి కాళ్లు తెగి తెగి కదిలినట్టు వస్తాయి. సరే, 1/50కి దించుదామంటే వెలుతురు ఒప్పుకోదు. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 100కి ఎఫ్ 16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ 1/100 సరిపోతుంది. నేపథ్యం మసకబారాలని ఎఫ్ 2.8 పెడితే ఐదు స్టాపుల వెలుగు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఎక్కువవుతుంది, 1/50కి దించితే ఇంకొకటి. మొత్తం ఆరు స్టాపులు, అంటే ఎన్‌డీ 64 ఫిల్టర్ (వెలుగును 64వ వంతుకు తగ్గించే నల్లటి అద్దం) కావాలి. లాగ్ ప్రొఫైల్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా తీసే పద్ధతి) ఐఎస్ఓ 800 నుంచి మొదలయ్యే బాడీ అయితే మరో మూడు స్టాపులు కలుపుకోవాలి. ఎన్‌డీ లేకుండా పగటిపూట వీడియో తీసి, "ఈ కెమెరా వీడియో బాగోలేదు" అని తేల్చేసేవాళ్లే ఎక్కువ.

ఆ ఫిల్టర్ ఫొటోలకు అడ్డం. ఆరు స్టాపులంటే 1/1000 కాస్తా 1/15 అయిపోతుంది. మరతో బిగించే ఫిల్టర్ తీయడం, పెట్టడం మధ్యలో సందర్భం దాటిపోతుంది. అయస్కాంతపు రింగుతో అతుక్కునే రకం ఉంటే రెండు సెకన్ల పని. నాకు తెలిసి ఈ వాడకంలో పెట్టిన ఖర్చుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. తిప్పి సర్దుకునే వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యమే కానీ చివరిదాకా తిప్పితే బొమ్మ మీద ఇంటూ ఆకారంలో నల్లటి పట్టీలు పడతాయి. వైడ్ లెన్స్ మీద ఇంకా ముందే కనిపిస్తాయి. మధ్య పరిధిలోనే వాడాలి.

గదిలో దీపాల కింద తీసేటప్పుడు మరో సంగతి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది కాబట్టి 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెట్టాలి. తప్పితే తెర మీద పట్టీలు పాకుతాయి. వెలుతురు తగ్గించి పెట్టిన ఎల్‌ఈడీలు ఈ లెక్కకు లొంగవు. షట్టర్‌ను దశాంశాల్లో సర్దే సదుపాయం ఉంటే పట్టీలు ఆగేదాకా మెల్లగా మార్చుకోవాలి, లేకపోతే దీపాన్ని పూర్తి వెలుతురులో ఉంచాలి.

రా ఫొటోలకు (సెన్సార్ సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లకు) అలవాటుపడిన చేతులు మరిచిపోయేది ఇంకొకటి ఉంది. మామూలు వీడియో ఫైలు జేపెగ్ లాంటిది. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు తగ్గట్టు రంగులను సరిచేసే సెట్టింగు) తప్పితే తర్వాత పూర్తిగా సరిదిద్దలేం. ఆటోలో వదిలితే క్లిప్ మధ్యలోనే రంగు మారిపోతుంది. ఎండలో 5600 కెల్విన్ దగ్గర బిగించేయడం మేలు. తెల్లటి భాగాలు ఒకసారి పేలిపోయాయంటే తిరిగి రావు. అందుకే జీబ్రాను 95 దగ్గర పెట్టి, ముఖ్యమైన భాగంలో గీతలు కనిపించకుండా చూసుకోవాలి. లాగ్ ప్రొఫైల్‌ను 10 బిట్ రికార్డింగ్ ఉంటేనే వాడాలి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024. 8 బిట్ లాగ్‌ను సాగదీస్తే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు తేలతాయి. అలాంటి బాడీలో న్యూట్రల్ ప్రొఫైల్ పెట్టి, షార్ప్‌నెస్ బాగా తగ్గించి తీస్తే చాలా చక్కగా వస్తుంది.

శబ్దం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చూసేవాళ్లు కొంచెం మసకగా ఉన్న బొమ్మను సహిస్తారు, గరగరలాడే మాటను మాత్రం అర నిమిషం కూడా భరించరు. కెమెరా లోపలి మైకుకి మనిషి గొంతు కంటే లెన్స్ మోటారు, స్టెబిలైజర్, డయల్ తిప్పిన చప్పుడే దగ్గర. బయటి మైక్ పెట్టినా కెమెరా మీదే కూర్చోబెడితే సగం లాభమే, ఎందుకంటే దూరం రెట్టింపు అయినప్పుడల్లా ఆరుబయట శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. మైకును మాట్లాడేవారి ఛాతీ దగ్గరికి చేర్చాలి. ఆడియో లెవెల్ ఆటోలో ఉంటే మాట ఆగిన ప్రతిసారీ కెమెరా వాల్యూమ్ పెంచేసి వెనకాల హోరును పైకి తెస్తుంది. మాన్యువల్‌కి మార్చి, కెమెరా లెవెల్‌ను దాదాపు అట్టడుగున పెట్టి, మైకులోనే గెయిన్ పెంచుకోవాలి. స్టిల్ కెమెరాల ప్రీయాంప్‌లు (మైక్ సంకేతాన్ని పెంచే భాగాలు) బలహీనం, పెంచితే బుసబుస వస్తుంది. మాట గట్టిగా ఉన్నచోట మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు. ఆరుబయట అయితే మైకుకి బొచ్చు తొడుగు తప్పనిసరి. గాలి రొదను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. మైక్ జాక్ లేని బాడీ ఉంటే ఫోన్‌ను జేబులో రికార్డింగ్‌లో పెట్టి, మొదట్లో ఒక చప్పట్లు కొట్టి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలపాలి. పొడవైన క్లిప్ అయితే చివరికొచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది, కాబట్టి చివర్లోనూ ఒక చప్పట్లు కొట్టి ఉంచుకోవాలి.

సెన్సార్‌ను పై వరుస నుంచి కిందికి ఒక్కో గీత చొప్పున చదవడం వల్ల వచ్చే రోలింగ్ షట్టర్ మరో పరిమితి. కెమెరాను పక్కకు వేగంగా తిప్పితే నిలువు స్తంభాలు ఒరిగిపోతాయి. చాలా వేగంగా చదివే స్టాక్డ్ సెన్సార్లలో ఇది దాదాపు లేదనిపిస్తుంది, మామూలు సెన్సార్లలో స్పష్టంగా కనబడుతుంది. మందు ఒక్కటే, నెమ్మదిగా తిప్పడం. ఫ్రేము ఒక అంచున ఉన్న వస్తువు రెండో అంచుకు చేరడానికి ఏడు సెకన్లు పట్టాలి. ట్రైపాడ్ మీద తిప్పేటప్పుడు స్టెబిలైజర్ ఆపేయండి. అది మన కదలికను వణుకు అనుకుని కాసేపు పట్టి ఉంచి, ఒక్కసారిగా వదిలేస్తుంది.

ఆటోఫోకస్ విషయంలో పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లతో జాగ్రత్త. వీడియోలో అద్దం పైకి లేచే ఉంటుంది. వ్యూఫైండర్ నల్లబడుతుంది, ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. 2013లో కెనాన్ 70డీతో వచ్చిన డ్యుయల్ పిక్సెల్ (సెన్సారే ఫోకస్‌ను కొలిచే పద్ధతి) ఈ బాధను చాలావరకు తీర్చింది. అంతకు ముందటి బాడీలైతే ఫోకస్‌ను ముందే పెట్టి మాన్యువల్‌కి మార్చేసి తీయడమే ఉత్తమం.

వేడి సంగతి. ఫొటోకి సెన్సార్ నుంచి నిండు సమాచారం క్షణం పాటు వస్తే చాలు, వీడియోకి ఆగకుండా వస్తూనే ఉండాలి. ఫ్యాన్ లేని చిన్న బాడీలో 4కె 60 ఫ్రేములు పెడితే ఎండలో కొద్ది నిమిషాల్లోనే హెచ్చరిక రావచ్చు. స్క్రీన్‌ను బాడీ నుంచి విడదీసి పక్కకు తెరవడం, క్లిప్‌ల మధ్య కెమెరాను పూర్తిగా ఆపేయడం, 25 లేదా 30 ఫ్రేములకు దిగడం ఉపయోగపడతాయి. చాలా మోడళ్లలో ఉన్న 29 నిమిషాల 59 సెకన్ల హద్దు మాత్రం వేడి వల్ల వచ్చింది కాదు. అరగంట, ఆపైన రికార్డు చేసే కెమెరాలకు యూరప్‌లో వేరే సుంకం ఉండేది, దాన్ని తప్పించుకోవడానికి పెట్టుకున్నది.

కార్డు లెక్క తేలికే. సెకనుకు 100 మెగాబిట్ల 4కె అంటే నిమిషానికి 750 మెగాబైట్లు. 64 జీబీ కార్డులో సుమారు 85 నిమిషాలు. దీనికి వీ30 కార్డు (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసేది) చాలు. 400 మెగాబిట్ల ఆల్ ఇంట్రాకు (ప్రతి ఫ్రేమునూ విడిగా కుదించే పద్ధతికి) సెకనుకు 50 మెగాబైట్లు రాయాలి, వీ60కి తగ్గితే మధ్యలో ఆగిపోతుంది. బ్యాటరీ ఒక గీత మిగిలినప్పుడు కొత్త క్లిప్ మొదలుపెట్టకండి. ఎంపీ4 ఫైలు సూచిక సాధారణంగా చివర్లో రాయబడుతుంది, ఈలోగా కరెంటు పోతే ఫైలు ఉంటుంది కానీ తెరుచుకోదు. అలా జరిగితే కార్డు మీద ఇంకేమీ రాయకుండా అదే కెమెరాలో తిరిగి పెట్టి చూడండి, కొన్ని బాడీలు తామే మరమ్మతు చేస్తాయి.

వీడియోలోంచి ఫొటో తీసుకోవచ్చు కదా అంటారు. 4కె ఫ్రేము 3840 బై 2160, అంటే 8.3 మెగాపిక్సెళ్లు, చిన్న ప్రింటుకు చాలు. అయితే 1/50లో తీసిన ఫ్రేములో కదిలే చెయ్యి మసకే, పైగా రా కాదు. ఫొటో పదునుగా రావాలని 1/500 పెడితే వీడియో చెడుతుంది. ఒకే క్షణం రెండు రకాలుగానూ బాగా రాదు. తిరిగి రాని సందర్భమైతే ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

రెండూ కావాల్సిన పనికి కస్టమ్ మోడ్‌లు (మన సెట్టింగులు దాచుకునే డయల్ స్థానాలు) వాడుకోవాలి. సీ1లో ఫొటో సెట్టింగులు, సీ2లో 25 ఫ్రేములు, 1/50, కెల్విన్ వైట్ బ్యాలెన్స్, మాన్యువల్ ఆడియో దాచుకుంటే ఒక్క మలుపుతో పని అయిపోతుంది. ఎర్ర బటన్ వీడియో మోడ్‌లో మాత్రమే పనిచేసేలా మెనూలో మార్చుకోండి, లేకపోతే సంచిలో దానంతట అదే నొక్కుకుని బ్యాటరీ ఖాళీ చేస్తుంది.

మంచి వెలుతురులో, వైడ్‌గా, నడుస్తూ తీయాలంటే ఫోన్ తీయండి. అక్కడ దాని స్టెబిలైజేషన్‌కు ఈ కెమెరాలు సాటి రావు. దూరంలోని పక్షి, పువ్వు మీద వాలిన పురుగు, దీపం వెలుతురులో ముఖం, ఇవన్నీ లెన్సూ పెద్ద సెన్సారూ చేసే పనులు. సంగీత కచేరీ లాంటి రెండు గంటల కార్యక్రమానికి మాత్రం క్యామ్‌కార్డరో ఫ్యాన్ ఉన్న బాడీయో కావాలి.

వాడిన కెమెరా కొంటుంటే కొనేముందే పదిహేను నిమిషాలు 4కె ఆపకుండా తీయించండి. మైక్ గుచ్చి జాక్‌ను కాస్త కదిపి చూడండి, వదులైతే గరగర వినిపిస్తుంది. చివరగా లెన్స్ మూత పెట్టి ఐఎస్ఓ 1600లో అర నిమిషం తీసి పెద్ద తెర మీద చూడండి. కదలకుండా వెలిగే ఎర్ర, తెల్ల చుక్కలు ఉంటే మెనూలోని పిక్సెల్ మ్యాపింగ్ (చెడిన పిక్సెళ్లను గుర్తించి కప్పే సదుపాయం) నడిపి మళ్లీ తీయండి. అప్పటికీ పోకపోతే ఆ చుక్కలు ప్రతి చీకటి క్లిప్‌లోనూ ఉంటాయి.