బేస్‌కి యాంప్, వా పెడల్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

బేస్ గిటార్‌కి ఏ వా పెడల్ (కాలితో ఊపుతుంటే శబ్దాన్ని 'వా వా' అన్నట్టు మార్చేది) తీసుకోవాలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: మీ యాంప్ (యాంప్లిఫైయర్) ఏది? గిటారిస్టుల సంగతి వేరు, వాళ్ల వా చిన్న యాంప్‌లో కూడా పలుకుతుంది. మనకు అలా కుదరదు. యాంప్‌లో మిడ్స్, అంటే మధ్య స్థాయి స్వరాలు, సరిగ్గా లేకపోతే వా ఉన్నా లేనట్టే. పవర్ చాలకపోతే పెడల్ తొక్కిన ప్రతిసారీ స్పీకర్ గరగరలాడుతుంది. అందుకే రెండింటి గురించీ కలిపి రాస్తున్నా.

నా వాడకం ఎలాంటిదో ముందు చెప్పాలి, లేకపోతే నా మాట మీకు ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోలేరు. ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లో చర్చి, పెళ్లిళ్ల సీజన్‌లో సంగీత్‌లు, అప్పుడప్పుడు మాదాపూర్ వైపు కెఫేల్లో చిన్న సెట్లు. ఐదు తీగల బేస్, ఎక్కువగా వేళ్లతోనే వాయిస్తాను. యాంప్ ఫెండర్ రంబుల్ 100 కాంబో, అంటే స్పీకర్ కూడా అందులోనే ఉంటుంది. వా డన్‌లప్ క్రై బేబీ 105క్యూ, అదే తెల్ల డబ్బా బేస్ వా.

ముందు యాంప్. రంబుల్ 100 అంటే 100 వాట్లు, ఒక 12 అంగుళాల స్పీకర్, బరువు సుమారు 10 కిలోలు. హైదరాబాద్‌లో వాయించేవాడికి ఈ మూడో అంకె చాలా ముఖ్యం. లిఫ్ట్ లేని ఫంక్షన్ హాల్ మెట్లు ఒక చేత్తో యాంప్, భుజాన బేస్ వేసుకుని ఎక్కాలి. ఆటోలో పక్కన పెట్టుకుంటే ఇంకొకరు కూడా కూర్చోవచ్చు. క్లాస్ డి అనే తేలికపాటి పవర్ సెక్షన్ వల్ల ఇంత తేలిగ్గా వచ్చింది. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ హెడ్ (స్పీకర్ లేని యాంప్ పెట్టె), పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్ గొప్పవే, నాకూ ఆ సౌండ్ అంటే ప్రాణం. కానీ దాన్ని మోయడానికి మనుషులు కావాలి, పెట్టడానికి ఇంట్లో ఒక గది కావాలి.

100 వాట్లు చాలా? జామ్ రూమ్‌లో, మామూలుగా వాయించే డ్రమ్మర్ పక్కన చాలు. గట్టిగా బాదే డ్రమ్మర్, ఇద్దరు గిటారిస్టులు ఉంటే అంచుకు వచ్చేస్తుంది. కారణం మన చెవిలోనే ఉంది. బేస్ ఇ తీగ 41 హెర్ట్జ్, ఐదో తీగ బి దాదాపు 31. అంత కింది స్వరాలు చెవికి సరిగ్గా ఆనవు, అవి మిగతావాటితో సమానంగా వినిపించాలంటే చాలా ఎక్కువ పవర్ కావాలి. పైగా వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 50 నుంచి 100కి వెళ్లినా శబ్దం రెట్టింపు కాదు, ఒక మెట్టు పెరుగుతుంది అంతే. 40 వాట్ల బుల్లి యాంప్‌తో డ్రమ్స్ పక్కన నెట్టుకొస్తానంటే కుదరదు, అది ఇంటికి బాగుంటుంది. ఇక బేస్‌ని గిటార్ యాంప్‌లో పెట్టి వాల్యూమ్ పెంచడం మాత్రం వద్దే వద్దు. ఆ స్పీకర్ కోన్ అంత ముందుకీ వెనక్కీ ఊగడానికి చేసింది కాదు, చిరిగిపోతుంది. వేరే దారి లేకపోతే కీబోర్డ్ యాంప్ నయం.

పెద్ద స్టేజీల మీద నా యాంప్ ఎలాగూ నాకు మానిటరే, అంటే నా వాయింపు నాకు వినపడటానికే. శిల్పకళావేదిక లాంటి హాల్లో జనానికి వినిపించేది యాంప్ వెనకున్న ఎక్స్‌ఎల్ఆర్ అవుట్ అనే మూడు పిన్నుల సాకెట్ నుంచి మిక్సర్‌కి వెళ్లే సిగ్నల్. కాబట్టి వాట్ల గురించి మథనపడేకన్నా ఆ అవుట్ ఉందా లేదా చూడండి. లామకాన్ లాంటి ఆరుబయట చోట తేడా బాగా తెలుస్తుంది. వెనక గోడ లేకపోతే లో ఎండ్ (కింది స్వరాలు) గాల్లో కలిసిపోతుంది, నాబ్ ఎంత తిప్పినా రాదు. యాంప్‌ని గోడ మూలకు జరిపితే కొంత తిరిగొస్తుంది.

నా యాంప్‌లో నాకు బాగా నచ్చింది నాలుగు బ్యాండ్ల ఈక్యూ (టోన్ సర్దుబాటు). బేస్, లో మిడ్, హై మిడ్, ట్రెబుల్ అని నాలుగు నాబ్‌లు. చాలామంది బేస్ నాబ్ మూడు గంటల దగ్గర (అంటే బాగా పెంచి) పెట్టి, మిడ్స్ తగ్గించి, ఇంట్లో ఒంటరిగా వాయించుకుని మురిసిపోతారు. బ్యాండ్‌లోకి రాగానే కిక్ డ్రమ్ కింద ఆ బేస్ మునిగిపోతుంది. నేను బేస్ నాబ్ మధ్యలోనే ఉంచి, లో మిడ్ కాస్త ఎత్తుతాను. సంగీత్‌లో ఇళయరాజా పాటలు వచ్చినప్పుడు ఈ సెట్టింగ్ విలువ తెలుస్తుంది. ఆ పాటల్లో బేస్ మరో గొంతులా పాడుతుంది, ప్రతి స్వరం విడివిడిగా వినపడాలి. అక్కడ నేను వా ముట్టుకోను. ఆ లైన్లకు ఏ పెడలూ అక్కర్లేదు.

ఇప్పుడు వా. మామూలు గిటార్ వా పెడల్ ఒక ఫిల్టర్. కాలు ముందుకూ వెనక్కూ ఊపుతుంటే ఒక శిఖరం (శబ్దం బాగా పెరిగే చోటు) సుమారు 400 హెర్ట్జ్ నుంచి 2000 హెర్ట్జ్ దాకా తిరుగుతుంది. ఆ శిఖరానికి కింద ఉన్నదంతా తగ్గిపోతుంది. గిటార్‌కి అదే అందం. బేస్‌లో మూల స్వరాలన్నీ ఆ 400కి కిందే ఉంటాయి. 24 మెట్ల (ఫ్రెట్ల) బేస్ మీద జి తీగ చివరి మెట్టు కూడా 392 హెర్ట్జే. ఇ తీగ వదిలి మీటితే 400 చేరాలంటే దాదాపు పదో హార్మోనిక్ (మూల స్వరానికి పది రెట్లు పైన పలికేది) దాకా పైకి ఎక్కాలి. అంటే గిటార్ వా బేస్‌లో అసలు సరుకుని కోసేసి, పైన మిగిలిన హార్మోనిక్స్‌తో ఆడుకుంటుంది. పాట కింద నేల జారిపోయినట్టు ఉంటుంది.

ఒకసారి సంగీత్ సౌండ్ చెక్‌లో మా గిటారిస్టు వా పెడల్‌ని నా బేస్‌కి తగిలించి చూశాం. మిక్సర్ దగ్గరున్న అన్న చెయ్యెత్తి ఆపేశాడు. "అన్నా, నువ్వు పెడల్ తొక్కినప్పుడల్లా బేస్ మాయమైతుంది. నేను ఫేడర్ లేపిన అనుకో, నువ్వు కాలు తీయంగనే సబ్ వూఫర్లు అదురుతున్నయ్. ఏదో ఒకటి చెయ్." బేస్ వా ఎందుకు వేరుగా ఉండాలో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

105క్యూ చేసే పని ఇదే. కింది మూల స్వరాన్ని అలాగే వదిలేసి, మిడ్స్‌నీ హైస్‌నీ మాత్రమే ఊపుతుంది. డబ్బా పక్కన రెండు నాబ్‌లు. వాల్యూమ్ ఒకటి, శిఖరం ఎంత సన్నగా ఉండాలో చెప్పే క్యూ మరొకటి. క్యూ బాగా పెంచితే గొంతు కీచుమంటుంది, ఒంటరిగా వింటే మజాగా ఉంటుంది, బ్యాండ్‌లో గాయకుడి మీదకెక్కుతుంది. నేను సగానికి కిందే ఉంచుతాను. వాల్యూమ్ నాబ్ సెట్ చేసే పద్ధతి ఇదీ: ఇ తీగ వదిలి మీటండి, పెడల్‌ని ఆన్ అయ్యేంత మాత్రమే వంచి మడమ వైపు ఉంచండి, బైపాస్‌లో (పెడల్ ఆఫ్‌లో) ఉన్నప్పుడు వచ్చినంతే రావాలి. ఎక్కువైతే ఫిల్టర్ శిఖరం దగ్గర యాంప్ శబ్దం పగిలినట్టు పలుకుతుంది. అక్కడే 40 వాట్ల యాంప్‌కీ 100 వాట్ల యాంప్‌కీ తేడా బయటపడుతుంది. మామూలు వాయింపుకి సరిపోయిన యాంప్ వాకి సరిపోవాలని లేదు, కాస్త మిగులు పవర్ ఉండాలి. నేను వా తర్వాత కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని సమం చేసే పెడల్) పెట్టుకున్నాక ఆ గొడవ చాలావరకు తగ్గింది.

ఈ పెడల్‌లో స్విచ్ నొక్కే పని లేదు. కాలు పెట్టి ముందుకు వంచగానే ఆన్, తీయగానే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగి ఆఫ్ చేస్తుంది. వాయిస్తూ బ్యాకింగ్ పాడేవాడికి ఇది వరం, ఆన్‌లో ఉందా లేదా అని కిందికి చూడక్కర్లేదు. కానీ కొందరికి పెడల్‌ని సగంలో ఆపి, అదే టోన్‌తో చరణమంతా వాయించడం ఇష్టం. అలాంటివాళ్లకు ఇది పనికిరాదు, ఆ చరణమంతా ఒంటికాలి మీద బరువు వేసి నిలబడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. రంబుల్‌లో కాంటూర్ అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే మిడ్స్ లోపలికి తవ్వేస్తుంది. స్లాప్‌కి (బొటనవేలితో తీగని కొట్టి వాయించే పద్ధతికి) బాగుంటుంది. వా వాడేటప్పుడు మాత్రం అది ఆఫ్‌లో ఉండాలి. వా తిరిగేదే మిడ్స్‌లో, ఆ మిడ్స్‌నే యాంప్ తీసేస్తుంటే మీరు కాలు ఊపుతున్నట్టు జనానికి కనపడుతుంది, వినపడదు. "నా వా సన్నగా ఉంది, అమ్మేస్తా" అన్న కుర్రాళ్లలో ఇద్దరి యాంప్‌ల మీద ఇలాంటి బటనే నొక్కి ఉంది. ఏ కంపెనీ యాంప్ అయినా స్కూప్, షేప్, కాంటూర్ లాంటి పేర్లు కనపడితే ముందు అవి ఆపి చూడండి.

తీగల సంగతి కూడా అంతే. కొత్త రౌండ్‌వౌండ్ (పైన గరుకుగా ఉండే) తీగల మీద వా నోరు విప్పి మాట్లాడుతుంది. ఫ్లాట్‌వౌండ్ (నున్నటివి), లేదా చెమటకి చచ్చిన పాత తీగల మీద ఫిల్టర్‌కి నమలడానికి ఏమీ మిగలదు. ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా చేసే పెడల్) ఉంటే వాకి ముందు పెట్టండి, అది పుట్టించే హార్మోనిక్స్ అన్నీ వాకి మేత. అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికాలో క్లిఫ్ బర్టన్ బేస్ అంత గట్టిగా అరవడానికి కారణం కూడా వా, ఫజ్ (ఇంకా గరుకు శబ్దం) కలిసి ఉండటమే. ఆయన వాడింది మార్లీ పవర్ వా ఫజ్.

మార్లీ గురించి ఒక మాట. వాటిలో తిరిగే పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం లాంటిది) ఉండదు, కాంతితో పనిచేస్తాయి. మన ఊరి దుమ్ములో ఇది చిన్న లాభం కాదు. పాట్ ఉన్న పెడల్ కొన్నాళ్లకు తొక్కినప్పుడల్లా గీసినట్టు చప్పుడు చేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి కాస్త ఊపితే చాలాసార్లు పోతుంది, పోకపోతే పాట్ మార్చాలి. పాత తరం మార్లీలు పెద్దగా, బరువుగా ఉంటాయి కాబట్టి నా పెడల్‌బోర్డ్‌లో పట్టవు, లేకపోతే ఒకటి తీసుకునేవాడిని. ఇప్పటికే గిటార్ వా ఉండి కొత్తది కొనలేకపోతే బాస్ ఎల్ఎస్-2 లాంటి లైన్ సెలెక్టర్‌తో సిగ్నల్‌ని రెండుగా చీల్చి, ఒకటి నేరుగా, ఒకటి వాలోంచి పంపి, రెండూ కలపండి. కింది స్వరం దక్కుతుంది. స్లాప్ వాయించేవాళ్లకు, కాలు ఖాళీ లేనివాళ్లకు వా కన్నా ఎన్వలప్ ఫిల్టర్ (ఎంత గట్టిగా మీటారో దాన్ని బట్టి తనంతట తనే తిరిగే వా లాంటిది) మేలు. ఎంఎక్స్‌ఆర్ బేస్ ఎన్వలప్ ఫిల్టర్‌లో అసలు శబ్దానికీ ఎఫెక్ట్‌కీ వేర్వేరు వాల్యూమ్‌లు ఉన్నాయి, చాలా తెలివైన ఏర్పాటు.

కరెంటు గురించి చెప్పకుండా వదిలేస్తే ఈ సమీక్ష సగమే. పందిళ్లలో, జనరేటర్ మీద నడిచే స్టేజీల్లో ఎర్త్ ఉందో లేదో నమ్మకం లేదు. ఎర్త్ లేకపోతే హమ్ (గుయ్‌మనే శబ్దం) అంతా వాలోకి వస్తుంది, కాలు ఊపుతుంటే ఆ హమ్ కూడా ఊగుతుంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గి, తీస్తే పెరుగుతుంటే ఎర్త్‌నో, బేస్ లోపలి షీల్డింగ్‌నో అనుమానించండి. హమ్ పోవాలని యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచే అలవాటు కొన్ని చోట్ల చూశాను. దయచేసి ఎవరూ అది చేయకండి, చేయనివ్వకండి. చేతిలో బేస్, పెదవి దగ్గర ఇనుప మైకు ఉన్న మనిషికి అది ప్రాణం మీదకు వస్తుంది. మిక్సర్‌కి వెళ్లే లైన్లో గ్రౌండ్ లిఫ్ట్ (ఆ లైన్ గ్రౌండ్‌ని మాత్రమే విడదీసే స్విచ్) వాడితే చాలాసార్లు హమ్ పోతుంది, యాంప్ ఎర్త్ అలాగే ఉంటుంది.

అడాప్టర్ కూడా చూసి కొనాలి. ఇలాంటి పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్య పిన్ నెగటివ్. కోఠి గుజరాతీ గల్లీలో అన్ని రకాల అడాప్టర్లూ దొరుకుతాయి కానీ మామూలు 9 వోల్టుల వాటిలో చాలావాటికి మధ్య పిన్ పాజిటివ్. డబ్బా మీద ఉన్న చిన్న బొమ్మ చూడండి, లేదా షాపులోనే మీటర్ పెట్టించండి. కేబుళ్లు, జాక్‌లు, టంకం పని అన్నీ నేను అక్కడే చేయించుకుంటాను.

షాపుకి వెళ్తే మీ బేస్, మీ కేబుల్ తీసుకెళ్లండి. యాంప్ పక్కనే కాళ్ల దగ్గర నిలబడి వినొద్దు, పది అడుగులు వెనక్కి వచ్చి వినండి. పాటలు వాయించి చూపించక్కర్లేదు. కింది తీగ వదిలి మీటి, పెడల్ మడమ నుంచి వేళ్ల దాకా నెమ్మదిగా వంచండి. మధ్యలో ఎక్కడైనా శబ్దం హఠాత్తుగా పడిపోయినా, స్పీకర్ చితికినట్టు పలికినా ఆ జోడీ మీకు కాదు. వాల్యూమ్ పెంచనివ్వని షాపులో యాంప్ కొనొద్దు, ఏ జామ్ రూమ్‌లోనైనా ఆ మోడల్ ఉంటే గంట అద్దెకు తీసుకుని డ్రమ్స్‌తో వాయించి చూడండి.

ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే వా మార్చను. యాంప్ మాత్రం రంబుల్ 500 వైపు చూస్తాను. దాన్లో రెండు 10 అంగుళాల స్పీకర్లు, సొంతంగా 350 వాట్లు, బయట క్యాబినెట్ తగిలిస్తే 500. ఐదో తీగ మీద వా తొక్కినప్పుడు నాకు కావాల్సిన మిగులు అక్కడుంది. బరువు 16 కిలోల పైమాటే, మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. నాలుగు తీగల బేస్‌తో చర్చిలో, కెఫేల్లో వాయించేవాళ్లకు 100 చాలు, డబ్బులు మిగిలితే మంచి తీగలు వేయండి. వా సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే కాలు తీయగానే స్ప్రింగ్ చటుక్కున వెనక్కి వస్తోందా చూడండి. తర్వాత జాక్ పట్టుకుని అటూ ఇటూ కదపండి, చిటపటలాడితే టంకం ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.