జాగ్రత్త: పసిబిడ్డ డి3 డ్రాప్స్ విషయంలో "అదే మందండీ, కంపెనీ వేరు" అంటే నమ్మి తెచ్చుకోకండి

చీటీలో రాసింది విటమిన్ డి3 డ్రాప్స్, రోజుకు 0.5 మి.లీ. అని. మెడికల్ షాపులో ఆ కంపెనీది అయిపోయింది. "అదే మందండీ, కంపెనీ వేరు, అంతే" అంటూ కౌంటర్ మీద పెట్టిన చిన్న సీసాలో 5 మి.లీ.కు 60,000 యూనిట్లు (పెట్టె మీద IU అని ఉంటుంది) ఉన్నాయి. అది పెద్దవాళ్లు వారానికోసారి తాగే మందు. పది రోజుల బిడ్డకు అందులోంచి అర మి.లీ. పడితే 6,000 యూనిట్లు, అంటే పదిహేను రోజుల మోతాదు ఒక్కపూటలో లోపలికి పోయినట్టే. మూత తీయకముందే ఇంట్లో ఒకరు పెట్టె చదివారు కాబట్టి సరిపోయింది. షాపు పేరు అనవసరం, ఏ ఊళ్లోనైనా జరిగే పనే ఇది.

డ్రాప్స్ మానేయమని కాదు చెప్పేది. తల్లిపాలలో ఈ విటమిన్ చాలా తక్కువ, అందుకే పుట్టిన మొదటి రోజుల నుంచి ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్లు ఇవ్వమని పిల్లల డాక్టర్లు రాస్తారు. (నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వేరే మోతాదు ఉండొచ్చు, అది వాళ్ల చీటీ ప్రకారమే.) చిక్కల్లా ఆ 400 యూనిట్లు ఎంత ద్రవంలో ఉన్నాయన్న దగ్గరే. మన షాపుల్లో మి.లీ.కు 400 యూనిట్లవీ ఉంటాయి, 800వీ ఉంటాయి. మొదటి రకమైతే 1 మి.లీ. పట్టాలి, రెండోదైతే అర. ఈ రెండూ తారుమారైతే ప్రాణం మీదికేమీ రాదు. అర మి.లీ. రాసిన చోట 400 రకం వస్తే సగమే అందుతుంది. 1 మి.లీ. రాసిన చోట 800 రకం వస్తే రెట్టింపు పడుతుంది. ఆరు నెలల్లోపు పిల్లలకు రోజుకు 1,000 యూనిట్లు దాటకూడదన్నది హద్దు కాబట్టి అదొక్కటే అయితే లోపలే ఉంటారు. దానికి తోడు మల్టీవిటమిన్ డ్రాప్స్ కూడా పడుతుంటే మాత్రం దాటిపోతారు, వాటిలోనూ డి3 ఉంటుంది.

అసలు భయపడాల్సినవి రెండు. ఒకటి పైన చెప్పిన 60,000 సీసా. మి.లీ.కు 12,000 యూనిట్లు, నెల మోతాదు. పిల్లల డ్రాప్స్‌కూ పెద్దవాళ్ల సీసాకూ ఒకే కంపెనీ దాదాపు ఒకే పేరు పెడుతుంది, వెనక ఒక చిన్న తోక తప్ప. షాపులో హడావిడిగా ఉన్న కుర్రాడికి ఆ తోక కనబడదు. రెండోది అమెరికా నుంచి చుట్టాలు ప్రేమగా తెచ్చేది. వాటిలో కొన్నిటికి ఒక్క చుక్కలోనే 400 యూనిట్లు. ఇక్కడి అలవాటు ప్రకారం ఒక మి.లీ. పడితే ముప్పై చుక్కల పైమాటే. అక్కడి పెట్టెల మీద మైక్రోగ్రాములు ఉంటాయి: 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లు. మరీ పెద్ద డ్రాపర్ల వల్ల పసిపిల్లలకు డి ఎక్కువైపోయే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010 జూన్‌లోనే హెచ్చరించింది.

మన ఇళ్లలో ఈ పొరపాటుకు దారి ఇంకా సులువు. కాన్పు పట్నంలో, బాలింత పుట్టింట్లో, ఆనక అత్తారిల్లు. సీసా అయిపోయినప్పుడల్లా కొత్త షాపు, చేతిలో మాత్రం ఆస్పత్రి ఇచ్చిన పాత చీటీ. అందులో మి.లీ. ఉంటుంది, యూనిట్లు ఉండవు. డిశ్చార్జ్ రోజునే డాక్టరును అడిగి "రోజుకు 400 యూనిట్లు" అని రాయించుకోండి. షాపులో డబ్బులిచ్చే ముందు పెట్టె మీద "ఈచ్ ఎంఎల్ కంటెయిన్స్" అన్న వరుస వెతకండి. అక్కడ 400 గానీ 800 గానీ ఉండాలి. "ఈచ్ 5 ఎంఎల్" అని కనిపిస్తే అక్కడే ఆగండి.

డ్రాపర్ ఆ సీసాతో వచ్చిందే వాడాలి. ఐరన్ డ్రాప్స్‌దో గ్యాస్ డ్రాప్స్‌దో తెచ్చి ఇందులో ముంచొద్దు, గీతలు వేరుగా ఉంటాయి. గీత చెరిగిపోతే షాపులో 1 మి.లీ. సిరంజి (సూది లేనిది) అడగండి. తల కాస్త ఎత్తి పట్టుకుని, బుగ్గ లోపలి పక్కన కొద్దికొద్దిగా వదలాలి, గొంతులోకి చిమ్మకూడదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండింతలు వద్దు. అమ్మ ఒకసారి, అమ్మమ్మ ఒకసారి పట్టడం కూడా మామూలే, కాబట్టి క్యాలెండర్ మీద టిక్కు పెట్టుకోండి.

ఇప్పటికే తప్పు సీసా పట్టేసి ఉంటే వెంటనే ఆపండి. సీసా, డ్రాపర్, చీటీ పట్టుకుని ఎన్నాళ్లు, ఎన్ని మి.లీ. పట్టారో లెక్కతో అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాలు మాత్రం ఆపొద్దు. డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది: బిడ్డ పాలు తాగదు, కక్కుతుంది, విరేచనం గట్టిపడుతుంది, పదేపదే మూత్రం పోసి ఒళ్లు ఎండుతుంది, మగతగా పడి ఉంటుంది, కిడ్నీలూ దెబ్బతినవచ్చు. ఇవేవీ కనిపించకపోయినా వెళ్లాలి. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉండి, ఆపాక కూడా వారాల తరబడి పనిచేస్తుంది. కాల్షియం, విటమిన్ డి రక్తపరీక్షలు చేయిస్తారు.

పారాసెటమాల్‌తోనూ ఇదే గోల. నెలన్నర టీకాలప్పుడు ఇచ్చే డ్రాప్స్ మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటాయి. సిరప్ 5 మి.లీ.కు 125 ఒక రకం, 250 ఒక రకం. 125 సిరప్ లెక్కన "2 మి.లీ." అని చెప్పింది డ్రాప్స్‌లో కొలిస్తే 50 మి.గ్రా. కాస్తా 200 అవుతుంది, దెబ్బ కాలేయానికి. టీకా ఊసే లేకుండా రెండు నెలల్లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ జ్వరం వస్తే ఇంట్లో ఏ డ్రాప్సూ పట్టకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

బ్యాచ్ నంబరుతో బిల్లు అడిగి తీసుకోండి. మూత తీయని సీసా మార్చమంటే చాలా షాపులు మారుస్తాయి. మార్చకుండా వాదిస్తే పెట్టె ఫొటో, చీటీ, బిల్లు జతచేసి జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు రాయండి.