డ్యూ డేట్‌కి ఏది నమ్మాలి: పీరియడ్ తేదీనా, మొదటి స్కానా?

"పీరియడ్ లెక్కలో అక్టోబరు 17 అన్నారు, స్కాన్‌లో అక్టోబరు 25 వచ్చింది. ఏది కరెక్టు డాక్టర్ గారూ?" తేదీలు వేరైనా ఈ ప్రశ్న వినని వారం ఉండదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పీరియడ్ లెక్క మీకు తెలిసిందే. చివరిసారి పీరియడ్ మొదలైన రోజు నుంచి 280 రోజులు, అంటే తొమ్మిది నెలల ఏడు రోజులు. జనవరి 10 అయితే అక్టోబరు 17. పైసా ఖర్చు లేదు, ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి చెప్పేయగలదు. కానీ ఇది 28 రోజులకోసారి పీరియడ్ వచ్చి, పద్నాలుగో రోజుకు అండం విడుదలయ్యేవాళ్ల లెక్క. 35 రోజులకోసారి వచ్చేవాళ్లకు అండం సుమారు వారం ఆలస్యంగా విడుదలవుతుంది, డ్యూ డేటూ అంతే వెనక్కి జరగాలి. పీసీఓడీ (పీరియడ్ సక్రమంగా రానివ్వని హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లకు, బిడ్డకు పాలిస్తుండగానే మళ్లీ నెల తప్పినవాళ్లకు ఈ తేదీని నమ్ముకోలేం. పైగా ఆ రోజు గుర్తుండాలి కదా. "సంక్రాంతి వెళ్లాక నాలుగైదు రోజులకి" అని చెప్పేవాళ్లే ఎక్కువ.

మొదటి మూడు నెలల స్కాన్‌లో బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు కొలుస్తారు. రిపోర్టులో సీఆర్‌ఎల్ అని ఉండేది అదే. ఆ వయసులో బిడ్డలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు. తల్లి పొడుగా పొట్టా, వేవిళ్లతో ముద్ద దిగుతోందా లేదా అన్నవాటితో పెద్దగా తేడా రాదు. అందుకే ఈ కొలత ఐదు నుంచి ఏడు రోజుల తేడాలో వయసు చెబుతుంది. 14 వారాలు దాటాక ఈ కచ్చితత్వం తగ్గుతూ వస్తుంది, ఎనిమిదో నెలలో తేడా మూడు వారాల దాకా ఉండొచ్చు.

నా మొగ్గు మొదటి స్కాన్ వైపే. అలాగని రెండు రోజులు తేడా వచ్చిందని తేదీ మార్చరు. పీరియడ్ లెక్కలో తొమ్మిది వారాలు నిండకముందు స్కాన్ తీస్తే, తేడా ఐదు రోజులు మించాలి. తొమ్మిది నుంచి 14 వారాల లోపు అయితే ఏడు రోజులు మించాలి. అప్పుడే స్కాన్ తేదీని తీసుకుంటారు. పైన అడిగిన ఆమెకు పదో వారం నిండిన రోజున స్కాన్ తీస్తే ఎనిమిది రోజుల తేడా వచ్చింది. కాబట్టి అక్టోబరు 25. మూడు రోజులే తేడా ఉంటే 17నే ఉంచేవాళ్లం.

ఇక్కడే ఇంకో మాట. రిపోర్టులో ఆరు వారాలు అని ఉంటే కడుపు పడి ఆరు వారాలైందని కాదు, సుమారు నాలుగు వారాలైందని. ముందు రెండు వారాలు పీరియడ్ రోజు నుంచి కలిపి లెక్కేస్తారు, స్కాన్‌లో కూడా. భర్త దుబాయ్ నుంచి సెలవుకొచ్చిన తేదీతో ఈ వారాలు కలవట్లేదని ఇళ్లలో గొడవలు పడుతుంటారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, లెక్క తీరే అది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది: మొదటి స్కాన్‌తో ఖరారైన తేదీని తర్వాతి స్కాన్‌లను బట్టి మార్చకూడదు. ఏడో నెల రిపోర్టులో "నవంబరు 10" అని వస్తే కాన్పు వెనక్కి జరిగిందని సంబరపడకండి. మెషిన్ బిడ్డ సైజును చూసి తేదీ వేస్తుంది. బిడ్డ చిన్నగా ఉందంటే తల్లికి బీపీ వల్లో, మాయ సరిగా పనిచేయకో ఎదుగుదల ఆగి ఉండొచ్చు. తేదీ మార్చేస్తే ఆ జబ్బు కాగితం మీద మాయమైపోతుంది, బిడ్డకు మాత్రం పోదు. తల్లికి షుగర్ ఉండి బిడ్డ పెద్దగా ఉంటే తేదీ ముందుకు జరిపి తొందరపడే ప్రమాదం ఉంది.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వైద్యపరమైన కారణం లేకుండా ముందే రోజు చూసుకుని చేసే ఆపరేషన్ 39 వారాలు నిండాకే చేయాలి. తేదీ పది రోజులు తప్పితే, 39 అనుకుని పెట్టిన ముహూర్తం నిజానికి 37న్నర వారాలది. ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాని బిడ్డ ఆయాసంతో ఎన్‌ఐసీయూకి, అంటే పసిబిడ్డల ఐసీయూకి వెళుతుంది. ముహూర్తం పెట్టించేముందు డాక్టర్‌ని "మొదటి స్కాన్ ప్రకారం ఎన్ని వారాలు?" అని అడగండి.

మిగతావి క్లుప్తంగా. ఐవీఎఫ్‌లో (టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో) వాదనే లేదు, ఐదో రోజు పిండమైతే లోపల పెట్టిన రోజు నుంచి 261 రోజులు. ఫోన్ యాప్‌లు మామూలుగా చేసేది పీరియడ్ లెక్కే. రక్తపరీక్షలో వచ్చే బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) అంకెతో, పిండం చుట్టూ ఉండే తిత్తి సైజుతో డ్యూ డేట్ ఖరారు చేయరు.

స్కాన్ ఎప్పుడు తీయించాలంటే, ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య. ఐదో వారంలోనే వెళితే తిత్తి మాత్రమే కనపడి, గుండె చప్పుడు లేదని టెన్షన్ పడతారు. కడుపునొప్పో, బ్లీడింగో ఉంటే మాత్రం ఏ వారమైనా ఆగొద్దు. పురుటికి పుట్టింటికి వెళ్లేటప్పుడు ఆ మొదటి స్కాన్ రిపోర్టు ఫైల్లో పెట్టుకోండి. కొత్త డాక్టర్ ముందు తొమ్మిదో నెల స్కాన్ ఒక్కటే ఉంటే, ఆమె కూడా సైజు చూసి అంచనా వేయాల్సిందే.