పాలూ పెరుగూ లేని వంటిల్లు: మూడేళ్ల తర్వాత నా మాట

మా పాప ఇంటర్ అయ్యాక ఒకరోజు "ఇకనుంచి పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, చేప, తేనె ఏవీ తిననమ్మా" అంది. దానికో వంట, మాకో వంట చేయలేక శ్రీకాకుళంలోని మా ఇంట్లో అందరికీ వీగన్ వంటే మొదలుపెట్టాను. మూడేళ్లు దాటింది. చేప మానడం అనుకున్నంత కష్టం కాలేదు. పెరుగే ఏడిపించింది. మొదటి వారంలోనే మా అత్తగారు "పెరుగు నేకుండా అన్నం ఎలాగ తింతామమ్మా?" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమే. అందుకే ముందు ఆ సంగతే చెబుతాను.

వేరుశనగ గుళ్లు ఒక గ్లాసు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బి గుడ్డలో పిండాలి. ఆ పాలను సన్నమంట మీద కలుపుతూ పది నిమిషాలు మరిగించాలి. కలపడం ఆపితే అడుగంటుతాయి. గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిర్చి తొడిమలు వేసి మూత పెడితే పది, పన్నెండు గంటల్లో తోడుకుంటుంది. తర్వాతి నుంచి పాత పెరుగే ఒక చెంచా తోడు వేస్తే చాలు. నాకు మొదటి నాలుగుసార్లూ పాడైంది. ఒకసారి గుళ్లలో బూజు పట్టినవి కలిసి మొత్తం చేదైంది. అప్పటినుంచి చేట ముందేసుకుని ఏరాకే నానబెడుతున్నాను. గేదె పెరుగులా గడ్డగా రాదు, కింద నీరు చేరుతుంది, వేరుశనగ వాసన కొంచెం ఉంటుంది. కానీ మజ్జిగ పులుసు పెట్టి చూడండి, తేడా దాదాపు తెలియదు. పెరుగన్నంలో అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు పడితే ఆ వాసనా పోతుంది.

ఆరు నెలలకు మిక్సీ మోటారు కాలిపోయింది. తప్పు నాదే, గుళ్లు ఆపకుండా తిప్పేదాన్ని. ఇప్పుడు మధ్యమధ్యలో ఆపుతూ రుబ్బుతున్నాను.

మిగతా వంటకి నేను కొత్తగా నేర్చుకున్నది తక్కువ. మా ఉత్తరాంధ్ర వంటలో ఆవ, నువ్వులు, కొబ్బరి, బెల్లం ఎప్పటినుంచో ఉన్నాయి కదా! పనసపొట్టు కూర ఆవ పెట్టి చేస్తే ఆ రోజు ఇంకో కూర ఎవరూ అడగరు. ఆవ ముద్దను దించాకే కలపాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. గుమ్మడికాయ, చిలగడదుంప, ములక్కాడ వేసిన బెల్లం పులుసు, ముద్దపప్పు, పక్కన నువ్వుల పొడి. నెయ్యి బదులు వేడన్నంలో నువ్వుల నూనె. సంక్రాంతికి అరిసెలు, పొంగడాలు ఎలాగూ నూనెలోనే వేగుతాయి.

గ్రేవీ చిక్కదనానికి పలాస జీడిపప్పే మా ఆధారం. గుండ్లు (విరగని పప్పు) కొనక్కర్లేదు, ముక్క చవగ్గా వస్తుంది. నానబెట్టి రుబ్బి వంకాయ కూరలో వేస్తే మీగడ వేసినట్టే ఉంటుంది. కొబ్బరికాయలు మా జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతంలోని మా పిన్ని వాళ్ల తోట నుంచి వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ తోటలో చెట్లు చాలావరకు కూలిపోయాయి. మళ్లీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ కాయ కొడుతుంటే నాకు మనసు నిండుతుంది. కొబ్బరిపాలు రెండుసార్లు తీయండి: పలుచటి పాలలో కూర ఉడికించి, చిక్కటివి చివర్లో పోసి వెంటనే దించేయాలి, లేకపోతే విరిగిపోతాయి.

టీ మాత్రం కుదరలేదు. వేరుశనగ పాలు, కొబ్బరిపాలు, సోయా పాలు అన్నీ చూశాం. చివరికి అల్లం, బెల్లం వేసిన డికాక్షన్‌కే అలవాటు పడ్డాం.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. విటమిన్ బి12 మొక్కల ఆహారంలో నమ్మకంగా దొరకదు. పాపకి డాక్టరు చెప్పిన మాత్ర వాడుతున్నాం, మీరూ అడిగి వాడండి. కాల్షియం గురించి నేను పడ్డ టెన్షన్ చోడి (రాగి) అంబలితో కొంత తగ్గింది. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, అదే వంద గ్రాముల పాలలో 120 దాకా.

బయట పెళ్లి భోజనాలే ఇబ్బంది. పప్పులో నెయ్యి వేయలేదని వడ్డించేవాళ్లు చెబుతారు, నోట్లో పెట్టుకుంటే తెలిసిపోతుంది. పాప ఆ రోజు ఆవకాయన్నంతో లేచి వచ్చేస్తుంది. నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రిపూట తోడు పెట్టేది అత్తగారే. గిన్నె మీద చెయ్యి పెట్టి వేడి చూసి, తొందరపడొద్దని నన్నే ఆపుతారు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నానికే పులిసిపోతోంది. ఈ వేసవికి చిన్న మట్టికుండలో, రాత్రి ఇంకాస్త ఆలస్యంగా తోడు పెట్టి చూద్దామన్నారు. కుండ కొనిపెట్టాను.